చెరువు గట్టున ఇంటిల్లిపాదీ నడక: అవ్వ మోకాలి నుంచి పిల్లోడి పరుగు దాకా ఏమేం చూసుకోవాలి

"ఆదివారం అందరం కలిసి చెరువు దగ్గరి పార్కుకు పోతాం. గంట తిరక్కముందే పిల్లలు ఏడుపు, అమ్మకు కాళ్లనొప్పులు, నడక మాత్రం సున్నా. మీరెట్లా పోతారు?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి రెండు ముక్కల్లో చెప్తే సరిపోవడం లేదు, అందుకే మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

మేము కర్నూలు వాళ్లం. మాకు నందికొట్కూరు దారిలో గార్గేయపురం చెరువు పక్కనున్న నగరవనం అలవాటు. కడపలో దేవుని కడప చెరువు వైపు పోయేవాళ్లకైనా, అనంతపురంలో ఇంకో చెరువు గట్టున నడిచేవాళ్లకైనా పద్ధతి ఇదే. ఎండ ఒకటే, నీళ్లూ ఒకటే.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో అందరికన్నా తక్కువ నడవగలిగేది ఎవరో, అందరికన్నా తొందరగా పరిగెత్తేది ఎవరో చూసుకుని, ఆ ఇద్దరి చుట్టూ మీ ప్రయాణం కట్టండి. మధ్యలో ఉన్నవాళ్లు ఎట్లాగైనా సర్దుకుంటారు.

1. ముందు ఎవరెవరు వస్తున్నారో లెక్క వేసుకోండి

శనివారం రాత్రి అన్నాలైనాక ఐదు నిమిషాలు కూర్చోండి. కాగితం అక్కర్లేదు, నోటితో చెప్పుకున్నా చాలు.

- అవ్వ, తాత ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు?
- షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లెవరు?
- ఏడేళ్లలోపు పిల్లలెందరు? ఒక్కొక్కరి బాధ్యత ఎవరిది?
- ఈమధ్య జ్వరం వచ్చి తగ్గినవాళ్లు ఉన్నారా?

మూడో ప్రశ్న దగ్గర ఆగండి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు. మా ఇంట్లో ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దమనిషి. చిన్నోడికి వాళ్ల చిన్నాయన, పెద్దమ్మాయికి నేను. చేతులు మారాల్సి వస్తే "ఇప్పుడు నువ్వు చూసుకో" అని నోరు తెరిచి చెప్తాం, అవతలివాళ్లు "సరే" అనాలి. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది కానీ నీళ్ల దగ్గర ఈ చాదస్తం అవసరం.

2. వేళ చూసుకోండి

మన రాయలసీమలో సగం గెలుపు వేళలోనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు సాయంత్రం నాలుగున్నరకు పోతే సిమెంటు బాట ఇంకా పొయ్యిలాగే ఉంటుంది. ఎండ తగ్గినట్టు కనిపించినా నేల చల్లబడదు. ఎండాకాలంలో పొద్దున్నే పోండి, ఎనిమిది లోపు నడక అయిపోవాలి.

చలికాలంలో సాయంత్రం బాగుంటుంది. కానీ డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. జూన్‌లో ఏడు దగ్గర పడేదాకా వెలుగుంటుంది. కాబట్టి ఏడాదంతా "ఐదింటికి పోదాం" అనే లెక్క పనికిరాదు. పొద్దు గుంకే సమయం నుంచి రెండున్నర గంటలు వెనక్కి లెక్కేసి బయలుదేరండి.

వానాకాలంలో రాత్రి గట్టిగా వాన పడితే పొద్దున నడక మానుకోండి. గట్టు మీద నాచు, బురద ఉంటాయి, పెద్దవాళ్లు జారితే నెలల తరబడి మంచం మీద ఉండాల్సి రావచ్చు.

గేటు తెరిచే వేళలు, టికెట్టు, సెలవు రోజు పోయిన ప్రతిసారీ బోర్డు మీద చూసుకోండి. అవి మారుతుంటాయి.

3. సంచి రాత్రే సర్దండి

పొద్దున సర్దితే గొడవ, ఆలస్యం, ఆ ఆలస్యంతో ఎండ. మా సంచిలో ఉండేవి ఇవి:

- తాగే నీళ్లు: ఆరుగురికి నాలుగు లీటర్లు, ఎండాకాలమైతే ఐదు
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, గ్లూకోజ్ పొడి చిన్న డబ్బా
- మందుల చీటీ ఫొటో, ఆ పూట వేసుకోవాల్సిన మాత్రలు
- పాత బెడ్‌షీట్ ఒకటి, తువ్వాళ్లు రెండు
- పిల్లలకు ఒక జత బట్టలు
- దోమల క్రీము
- టార్చిలైటు
- దూది, బ్యాండేజీ, ముల్లు తీసే చిమటా
- చెత్తకు రెండు ఖాళీ సంచులు

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంత నీళ్లలోనే కలపాలి. గ్లాసులో పావు ప్యాకెట్ అందాజుగా కలపడం తప్పు. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు మేలు బదులు కీడు జరుగుతుంది.

సెంటు, ఘాటైన అత్తరు కొట్టుకోకండి. చెట్ల మీద తేనెపట్లు ఉంటే ఆ వాసనకు ఈగలు రేగే ప్రమాదం ఉంది.

4. కాళ్లకు ఏం వేసుకోవాలి

నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే ఉంది, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే.

కొత్త బూట్లతో మొదటిసారి చెరువు చుట్టూ తిరగకండి. వారం రోజులు ఇంట్లో, వీధిలో వేసుకుని అలవాటు చేసుకోండి. కొనేటప్పుడు సాయంత్రం పూట కొనండి, ఆ వేళకు పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. నిలబడినప్పుడు పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

హవాయి చెప్పులతో మన నేల మీద నడక వద్దు. బాట దిగితే పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. పల్లేరుకాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలుచుంటుంది. పలచటి చెప్పు అడుగును దాటుకుని వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు బూటు వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఒకసారి మా అమ్మ నడిచి వచ్చి బూటు విప్పితే సాక్సు మడమ దగ్గర తడిగా ఉంది. లోపల శనగగింజంత కంకర. నలభై నిమిషాలు దాని మీదే నడిచింది, ఆమెకు తెలియనే లేదు. పుండు మానడానికి నెలన్నర పట్టింది. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినప్పుడు నొప్పి మనల్ని హెచ్చరించదు, కాబట్టి చెయ్యి, కన్ను ఆ పని చెయ్యాలి. తిరిగొచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తుడిచి, అరికాళ్లు చూసుకోవాలి. వంగలేనివాళ్లకు ఇంట్లో ఎవరైనా చూడాలి. మా ఇంట్లో ఆ పని పెద్దమ్మాయిది, ఫోన్ లైటు వేసి మరీ చూస్తుంది.

"గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిస్తే మంచిది" అని ఎవరు చెప్పినా షుగర్ ఉన్నవాళ్లు వినొద్దు.

5. బయలుదేరే ముందు కడుపులో ఏముండాలి

పొద్దున నడకకు పెద్దవాళ్లు పరగడుపున పోకూడదు. ముఖ్యంగా ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని రావాలి. మాత్ర వేసుకుని, తినకుండా నడిస్తే షుగర్ పడిపోవచ్చు. మందుల వేళ మార్చాలంటే మీ డాక్టర్‌ను అడిగి మార్చండి, సొంతంగా మార్చకండి.

పిల్లలకు బయలుదేరే ముందు బాత్రూమ్ తప్పనిసరి. ఒక గ్లాసు నీళ్లు ఇంటి దగ్గరే తాగించండి.

6. గేటు దాటాక మొదటి పది నిమిషాలు

లోపలికి అడుగుపెట్టగానే పిల్లలు పరుగు తీస్తారు. ఆ పరుగుకు ముందే నాలుగు పనులు కానివ్వండి.

- బాత్రూములు, తాగునీళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి
- తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు ఒకటి చూపించండి, పిల్లలతో వేలు పెట్టి చూపించమనండి
- పిల్లల ఫొటో ఒకటి తీసుకోండి, ఆరోజు వేసుకున్న బట్టలు కనిపించేటట్టు
- సిగ్నల్ ఉందో లేదో ఫోన్లో చూసుకోండి

తర్వాత కూర్చునే చోటు. దీనికి ఒక చిన్న కిటుకు ఉంది. సాయంత్రం చెరువుకు పడమటి వైపు కూర్చుంటే ఎండ వీపు మీద పడుతుంది, నీళ్లు, పిట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. తూర్పు వైపు కూర్చుంటే నీళ్ల మీద మెరుపు కళ్లలో గుచ్చుకుంటుంది, పెద్దవాళ్లకు తలనొప్పి వస్తుంది. పొద్దునైతే దీనికి ఉల్టా.

బెడ్‌షీట్ పరిచే ముందు నేల మీద చీమల పుట్టలు, తల పైకెత్తి తేనెపట్లు చూడండి. పట్టు ఉంటే మారుమాట లేకుండా చోటు మార్చండి. పిల్లలు దాని మీద రాయి వేసే దాకా ఆగకండి.

7. నడక ఎట్లా సాగించాలి

అందరూ ఒకే గుంపుగా నడవాలని పట్టుబట్టకండి. రెండు గుంపులు చేయండి. ఒకటి నడిచే గుంపు, ఒకటి ఆడే గుంపు. అరగంటకు మారండి. అప్పుడు అమ్మానాన్నల్లో ఒకరి నడక పోదు, పిల్లలకు తోడూ ఉంటుంది.

నడిచే గుంపు చేయాల్సింది:

మొదటి ఐదు నిమిషాలు నిదానంగా. తర్వాత వేగం పెంచండి. ఎంత వేగం అంటే, మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాటకు కూడా ఆయాసం వస్తే తగ్గించండి. ఆఖరి ఐదు నిమిషాలు మళ్లీ నిదానం. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలైనా ఇట్లాంటి నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అదంతా ఆదివారమే చేసేయాలని చూడకండి. ఆదివారం చెరువు దగ్గర ముప్పై, నలభై నిమిషాలు, మిగతాది వారమంతా వీధిలోనో మిద్దె మీదో.

వెనక్కి తిరగడం అలసిపోయాక కాదు, సగం సమయం అయ్యాక. ఇరవై నిమిషాల శక్తి ఉంటే పది నిమిషాలకే తిరగండి. ఎంత దూరం పోతే అంత దూరం మళ్లీ రావాలి కదా. మా మామ ఒకసారి హుషారుగా అటు చివర దాకా పోయి అక్కడే కూర్చుండిపోయినాడు. ఇద్దరం భుజాలు పట్టుకుని తీసుకొచ్చాం.

అవ్వకు, తాతకు బెంచీ లెక్క పెట్టండి. ఈ బెంచీ నుంచి ఆ బెంచీ దాకా, కూర్చుని రెండు నిమిషాలు, మళ్లీ ఇంకో బెంచీ. పక్కన నడిచేవాళ్లు వాళ్ల అడుగుతోనే నడవాలి. రెండడుగులు ముందుండి వెనక్కి తిరిగి చూస్తుంటే వాళ్లకు టెన్షన్, తొందరపడి తూలతారు.

చేతికర్ర విషయంలో దాదాపు అందరూ తప్పు చేస్తారు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి కాలు, కర్ర కలిసి ముందుకు పడాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే బరువంతా ఆ కాలి మీదికే పోతుంది. ఇంట్లో హాల్లో రెండుసార్లు నడిపించి చూడండి, తేడా వాళ్లే చెప్తారు. గట్టు దిగే మెట్లు, ఏటవాలు బాట మోకాళ్లను ఎక్కువ నొప్పిస్తాయి, చదును బాటే ఎంచుకోండి.

పాటలు ఇయర్‌ఫోన్‌లో వింటే ఒక చెవికి మాత్రమే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్ పెద్దగా పెడితే పిట్టలు లేచిపోతాయి, పక్కవాళ్ల నడక కూడా పాడవుతుంది.

8. నీళ్ల అంచున పిల్లలు

సినిమాల్లోలా కేకలు వేసి, చేతులు ఊపి పిల్లలు మునగరు. చప్పుడు లేకుండా మునుగుతారు. ఫోన్‌లో ఒక మెసేజ్ చదివేంత సేపు చాలు. కాబట్టి:

- ఏడేళ్లలోపు పిల్లలకు, బాధ్యత తీసుకున్న పెద్దవాళ్లకు మధ్య చెయ్యి చాచేంత దూరమే ఉండాలి
- గట్టు రాళ్ల మీద సెల్ఫీ వద్దు, నాచు పట్టిన రాయి పైకి పొడిగానే కనిపిస్తుంది
- బంతి నీళ్లలో పడితే పోయిందనుకోండి, ఇంటి దగ్గరే పిల్లలకు ఈ మాట చెప్పి ఒప్పించండి
- పూడిక తీసిన చెరువుల్లో ఒడ్డు పక్కనే లోతు గుంటలు ఉండొచ్చు, "ఇక్కడ మోకాలి లోతే" అన్న మాట నమ్మకండి

బోటు నడుస్తున్న రోజైతే లైఫ్ జాకెట్ వేసుకోవడం ఒక్కటే చాలదు. అన్ని బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి పైకొస్తే అది ఆ పిల్లకు పెద్దది. చిన్న సైజు అడగండి, లేకపోతే ఆరోజు బోటు మానేయండి. పిల్లోడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి. బోటులో లేచి నిలబడకూడదు, అందరూ ఒకే పక్కకు ఒరగకూడదు.

9. ఆట, పిట్టలు

జారుడు బల్ల ఎక్కించే ముందు మీ చెయ్యి వెనక వైపు దాని మీద ఐదు లెక్కలు పెట్టి చూడండి. మీకు చురుక్కుమంటే పిల్లల తొడలకు బొబ్బలే. ఊయల ముందు, వెనక ఎవరూ నిలబడకుండా ఒక పెద్దవాళ్లు ఉండాలి.

పిల్లలకు విసుగొచ్చినప్పుడు ఫోన్ ఇవ్వకుండా పిట్టల లెక్క పెట్టించండి. మా చిన్నోడికి మొదట చూపించింది గుడ్డి కొంగ. గట్టున మట్టి రంగులో ముడుచుకుని కూర్చుంటుంది, పక్కనే ఉన్నా కనపడదు. దగ్గరికి పోగానే లేస్తుంది, రెక్కలు విప్పితే తెల్లగా మెరుస్తుంది. "ఇంకో పిట్ట వచ్చింది!" అని అరిచినాడు వాడు. రెండూ ఒకటే పిట్ట అని నమ్మించడానికి మూడుసార్లు చూపించాల్సొచ్చింది.

నీటికాకి రెక్కలు చాపి ఎందుకు నిలబడిందో అడగండి. మునిగి చేపలు పట్టినప్పుడు దాని ఈకలు తడిసిపోతాయి, ఆరబెట్టుకుంటోంది. నుదుట తెల్లటి నామంతో ఉండేది నామాలకోడి, నీలం మెరుపుతో నీళ్లలోకి దూకేది లకుముకి పిట్ట. చలికాలంలో ఎక్కువ రకాలు కనిపిస్తాయి.

పిట్టలకు, చేపలకు బ్రెడ్డు, చిప్స్ వేయకండి. మిగిలింది నీళ్లలో కుళ్లి నాచు పెరుగుతుంది.

10. తిండి నడక తర్వాతే

అక్కడ కూర్చుని ముందే తింటే నడక జరగదు, ఇది మా అనుభవం. నడక, ఆట అయ్యాక బెడ్‌షీట్ పరవండి.

చల్లారినా బాగుండేవి తీసుకుపోండి. చిత్రాన్నం, జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు. ఉగ్గాని అయితే ఇంట్లో వేడిగా తిని బయలుదేరండి, డబ్బాలో పెడితే ముద్దవుతుంది. కొబ్బరి చట్నీ ఎండాకాలంలో వద్దు, రెండు గంటలకే పులుస్తుంది. మజ్జిగ చల్లటి స్టీలు ఫ్లాస్కులో పోస్తే నిలుస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు శెనక్కాయలు గింజల్లా ఇవ్వకండి, పరిగెడుతూ తింటే గొంతులో అడ్డుపడతాయి.

తిన్నాక ఒక సంచిలో తడి చెత్త, ఇంకోదాంట్లో కవర్లు. డబ్బా నిండి ఉంటే ఇంటికే తెచ్చుకోండి. డబ్బా పక్కన పెట్టి వస్తే కుక్కలు లాగి నీళ్లదాకా పరుస్తాయి.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

*పిల్లలు నడవనంటారు.* నడక అని పిలవకండి. "ఆ చెట్టుదాకా పోయి ఎన్ని ఆకులు పడ్డాయో చూసొద్దాం" అనండి. వాళ్ల గమ్యం కనిపించేంత దగ్గరలో ఉండాలి.

*మరుసటిరోజు పిక్కలు పట్టేస్తాయి.* మొదటి వారమే ఎక్కువ నడిచారు. వచ్చేవారం సగానికి తగ్గించి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి.

*సాయంత్రం దోమలు.* డెంగీ దోమ పగటిపూట, ముఖ్యంగా పొద్దున, పొద్దు గుంకే ముందు కుడుతుంది. పిల్లలకు నిండు చేతులు, నిండు ప్యాంటు వేయండి. క్రీము పిల్లల అరచేతులకు రాయకండి, కళ్లల్లో పెట్టుకుంటారు.

*దాహం వేసేదాకా ఎవరూ తాగరు.* పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి రెండు గుక్కలు. పెద్దవయసులో దాహం తెలియడం తగ్గుతుంది, అవ్వకు మీరే గ్లాసు చేతికివ్వండి. గుండె, కిడ్నీ జబ్బుకు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి.

12. ఏదైనా జరిగితే

చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే, షుగర్ మందులు వాడే మనిషైతే కూర్చోబెట్టి మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే నడక ఆపి కూర్చోబెట్టి 108. "గ్యాస్ అయ్యుంటుంది" అని బండి మీద ఎక్కించుకుని పోకండి.

ఎండదెబ్బ అయితే నీడకు చేర్చి తడి తువ్వాలు కప్పి విసరండి. మాట పొంతన లేకపోతే ఆలస్యం చేయకుండా 108.

పాము కరిస్తే కోయకండి, నోటితో పీల్చకండి, గట్టిగా కట్టు కట్టకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోండి. విషానికి విరుగుడు సూది పెద్దాసుపత్రిలో ఉంటుంది, మంత్రం దగ్గరకు పోయి ఆ సమయం పోగొట్టుకోవద్దు.

ఎవరైనా నీళ్లలో పడితే ఈత బాగా రానివాళ్లు దూకకండి. చీర, తువ్వాలు, కొమ్మ, తాడు ఏదైనా అందించి లాగండి, పక్కవాళ్లను కేకేయండి. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకండి.

13. తిరుగు ప్రయాణం

పొద్దు గుంకడానికి ఇరవై నిమిషాల ముందు "ఇంకో రెండుసార్లు జారి వచ్చేయండి" అని పిల్లలకు చెప్పండి. ఒక్కసారిగా లాక్కొస్తే గేటుదాకా ఏడుపే. చీకటి పడితే గడ్డిలో అడుగుపెట్టొద్దు, బాట మీదే టార్చి వేసుకుని రండి.

గేటు దగ్గర ఆగి ఇవి చూడండి:

- తలలు లెక్కపెట్టండి, పేరుపేరునా
- అవ్వ చేతికర్ర, కళ్లజోడు, మందుల డబ్బా
- నీళ్ల సీసాలు, పిల్లల చెప్పులు రెండూ
- బండి ఎక్కే ముందు అందరి చెప్పుల అడుగున పల్లేరుకాయలు